మైపాడు తీరం హోటళ్ల యాజమాన్యాలకు బహిరంగ లేఖ: అతిథి ప్రయాణం హైవే దగ్గర అయిపోదు

మైపాడు, కోడూరు తీరాల్లో హోటళ్లు, రిసార్టులు నడుపుతున్న యాజమాన్యాలకు, జిల్లా పర్యాటక శాఖ అధికారులకు,

నమస్కారం.

మేము నెల్లూరులో బాడుగ బండ్లు నడిపేవాళ్లం, కంపెనీలకు విమాన టికెట్లు, కార్లు, గదులు కుదిర్చే ట్రావెల్స్ వాళ్లం. కృష్ణపట్నం పోర్టు పని మీద వచ్చే షిప్పింగ్ ఉద్యోగులు, రొయ్యల మేత కంపెనీల టెక్నీషియన్లు, వనామీ రొయ్యల కొనుగోలుకు వచ్చే ఎగుమతిదారులు, థర్మల్ ప్లాంట్లలో యంత్రాలు చూడ్డానికి వచ్చే ఇంజినీర్లు సముద్రం ఒడ్డున గది కావాలని అడుగుతున్నారు. పగలంతా పని చూసుకుని సాయంత్రానికి అలల పక్కన కూర్చోవాలని ఎవరికి ఉండదు? మీ హోటళ్లు అందుకే ఉన్నాయి. వాళ్లను మీ గుమ్మం దాకా చేర్చేది, మళ్లీ విమానం ఎక్కించేది మేము.

ఆ దారిలో ఏది ఎక్కడ చెడుతోందో మాకు తెలుసు. విమానం చాలావరకు టైముకే దిగుతుంది. పదహారో నంబరు జాతీయ రహదారి అందరికీ తెలిసిన రోడ్డే కాబట్టి దాని మీద బండి సాఫీగానే వస్తుంది. చెడేదల్లా చివరి పాతిక కిలోమీటర్లలో, అతిథి ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారే చోట. అందులో సగానికి పైగా మీరు ఖర్చు లేకుండా సరిచేయగలిగినవే. అందుకే ఈ లేఖ.

మొదట విమానాశ్రయం సంగతి. నెల్లూరుకు విమానాశ్రయం లేదు. దగదర్తిలో కడతారన్న మాట ఏళ్లుగా వింటున్నాం. అక్కడ విమానం దిగేదాకా మన అతిథి చెన్నైలోనో, తిరుపతి పక్కన రేణిగుంటలోనో దిగాల్సిందే. ఢిల్లీలోనో ముంబైలోనో కూర్చుని టికెట్ తీసే ఆఫీసు గుమాస్తాకు ఈ తేడా తెలియదు. మీరు గది ఖరారు చేస్తూ పంపే సందేశంలో రెండు ముక్కలు రాస్తే తెలుస్తుంది. రేణిగుంట నుంచి శ్రీకాళహస్తి, నాయుడుపేట, గూడూరు మీదుగా నెల్లూరుకు సుమారు 130 కిలోమీటర్లు. చెన్నై మీనంబాక్కం నుంచి సుమారు 190. మైపాడుకు రెంటికీ ఇంకో 22 కలుపుకోవాలి. హైదరాబాద్ నుంచి పగటిపూట వచ్చేవారికి రేణిగుంటే మేలు. అయితే అక్కడ విమానాలు తక్కువ. ఒకటి రద్దయితే అదే రోజు ఇంకొకటి దొరుకుతుందన్న నమ్మకం లేదు. పైగా బ్రహ్మోత్సవాలప్పుడు, వరస సెలవులప్పుడు రేణిగుంటలో బండి దొరకడమే కష్టం. అక్కడి ట్యాక్సీలన్నీ కొండ మీదికి తిరగడానికి అలవాటుపడ్డవి. నెల్లూరు అనగానే రానూపోనూ బాడుగ అడుగుతాయి, అడగడం న్యాయమే, ఖాళీగా తిరిగి పోవాలి కదా. విదేశాల నుంచి వచ్చేవాళ్లు, రాత్రి దిగేవాళ్లు, మర్నాడు పొద్దున్నే తప్పనిసరి మీటింగ్ ఉన్నవాళ్లు చెన్నైలోనే దిగాలి. హైదరాబాద్ వాళ్లకు విమానమే అక్కరలేదు. సికింద్రాబాద్–తిరుపతి వందేభారత్ నెల్లూరులో ఆగుతుంది, స్టేషన్ నుంచి మీ హోటలుకు గంట లోపే. ఒంగోలు వైపు కొత్తపట్నం ఒడ్డుకు పోయేవారికి మాత్రం చెన్నై కంటే గన్నవరం బాగా దగ్గర. ఆ వైపు హోటళ్ల వాళ్లు కూడా ఈ మాట రాసిపెడితే మంచిది.

"చెన్నై ఎయిర్‌పోర్టు నుంచి మూడు గంటల ప్రయాణం" అని ప్రకటనల్లో రాయడం దయచేసి మానండి. ఆ లెక్క అర్ధరాత్రి ఖాళీ రోడ్డు మీద మ్యాపు చూపించేది. అసలు లెక్క ఇది. మీనంబాక్కంలో బండెక్కి రెడ్‌హిల్స్, కారనోడై దాటి బయటపడడానికి గంట నుంచి గంటన్నర. అక్కడి నుంచి గుమ్మిడిపూండి, ఆరంబాక్కం, తడ, సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు మీదుగా నెల్లూరు చేరడానికి రెండుంబావు నుంచి రెండున్నర గంటలు. మధ్యలో టీకి, బాత్రూంకి ఓ ఇరవై నిమిషాలు. నెల్లూరు నుంచి మైపాడుకు ముప్పావు గంట నుంచి గంట. అంతా కలిపితే ఐదు గంటలకు కాస్త అటూ ఇటూ. మూడు గంటలని నమ్మి వచ్చినవాడు నాలుగో గంటలో డ్రైవర్ మీద కోప్పడతాడు, ఐదో గంటలో మీ రిసెప్షన్ మీద కోప్పడతాడు. ఐదు గంటలని ముందే తెలిసినవాడు బండిలో నిద్రపోయి హాయిగా దిగుతాడు.

విమానాశ్రయంలో అతిథిని అందుకునే దగ్గర కూడా ఇలాంటి చిన్న పొరపాట్లే. మీ వాళ్లు మాకు "సాయంత్రం ఐదింటికి విమానం" అని మాత్రం చెబుతారు. మాకు కావలసింది విమానం నంబరు. నంబరుంటే ఆలస్యం ఎంతో ఫోన్లో చూసుకుని ఆ లెక్కన బయల్దేరతాం. చెన్నైలో దేశీయ విమానాలు ఒకటో టెర్మినల్లోనూ నాలుగో టెర్మినల్లోనూ దిగుతాయి, అంతర్జాతీయవి రెండో టెర్మినల్లో. టెర్మినల్ చెప్పకపోతే డ్రైవర్ ఒకచోట బోర్డు పట్టుకుని నిలబడతాడు, అతిథి ఇంకోచోట ఎండలో నిలబడతాడు. బాడుగ బండిని గేటు ముందు ఎక్కువసేపు ఆగనివ్వరు. అతిథి సామాను చేతికి తీసుకున్నాకే ఫోన్ చేయాలని, పార్కింగ్ నుంచి బండి రావడానికి పది నిమిషాలు పడుతుందని ముందే చెప్పి ఉంచాలి. విదేశీయులకు ఇక్కడి సిమ్ ఉండదు, విమానాశ్రయం వైఫై ఓటీపీ అడుగుతుంది. వాళ్ల దగ్గర ఫోన్ ఉన్నా లేనట్టే. వాళ్లకు బండి నంబరు, డ్రైవర్ ఫొటో విమానం ఎక్కకముందే చేరాలి. బోర్డు మీద మనిషి పేరుతోబాటు కంపెనీ పేరు కూడా పెద్దక్షరాల్లో రాయించండి. జపాన్ వాళ్ల పేరో, థాయ్‌లాండ్ వాళ్ల పేరో మనం రాసే తీరులో వాళ్లకే గుర్తుపట్టడం కష్టం.

బండి ఏది పంపాలన్నది తలకాయల లెక్కతో తేల్చకండి. పెట్టెల లెక్క అడగండి. దేశీయ విమానాల్లో ఒక్కొక్కరికి సాధారణంగా 15 కిలోల పెట్టె, చేతిలో 7 కిలోల బ్యాగు. సెడాన్ డిక్కీలో అలాంటి పెద్ద పెట్టెలు రెండు పడతాయి. ఆ సెడాన్ సీఎన్‌జీ బండి అయితే సిలిండర్ డిక్కీని మింగేస్తుంది, ఒక పెట్టె ముందు సీట్లో కూర్చోబెట్టాలి. నీటి పరీక్ష కిట్లు, మేత శాంపిళ్లు, కొలత పరికరాలు తెచ్చే టెక్నీషియన్లు ఇద్దరే అయినా ఇన్నోవాలాంటి బండి కావాలి.

ఇక మేము గట్టిగా చెప్పదలచుకున్న మాట. కొన్ని హోటళ్లు తమ పికప్ కింద తెల్ల నంబరు ప్లేటు సొంత కార్లను పంపుతున్నాయి. డబ్బు తీసుకుని మనుషుల్ని ఎక్కించుకునే బండికి పసుపు ప్లేటు, పర్మిట్, ఫిట్‌నెస్ ఉండాలి. సొంత కారు పేర ఉన్న ఇన్సూరెన్సు బాడుగకు తిప్పేటప్పుడు జరిగిన ప్రమాదానికి వర్తించదని కంపెనీలు క్లెయిమ్ తిరగ్గొడతాయి. అప్పుడు దెబ్బతిన్న అతిథికి, అతని కంపెనీకి జవాబు చెప్పుకోవలసింది మీరే. మా బాడుగ పోతుందని రాస్తున్నామనుకోకండి. రాత్రిపూట లారీల మధ్య 190 కిలోమీటర్లు వచ్చే మనిషికి బీమా ఉందా లేదా అన్నది చిన్న సంగతి కాదు. పసుపు ప్లేటు బండి పంపేటప్పుడు కూడా ఒకటి చూసుకోవాలి. ఆల్ ఇండియా టూరిస్ట్ పర్మిట్ ఉన్న బండి సరిహద్దు దాటడానికి అడ్డు లేదు. మన రాష్ట్రానికే పర్మిట్ ఉన్న బండి అయితే తమిళనాడు పన్ను రవాణా శాఖ పరివాహన్ సైటులో బయల్దేరకముందే కట్టి రసీదు దగ్గర ఉంచుకోవాలి. ఇది మరిచి వెళ్లిన బండి తనిఖీలో ఆగితే, అతిథి మీనంబాక్కంలో దిగి ఫోన్లు చేస్తూ ఉంటాడు.

టోళ్ల దగ్గర ఆలస్యానికి ఎక్కువగా కారణం ఫాస్టాగ్. చెన్నై నుంచి నెల్లూరుకు హైవే మీద నల్లూరు, సూళ్లూరుపేట, బూదనం, వెంకటాచలం టోల్‌గేట్లు వస్తాయి. చెన్నై బైపాస్ టోలు వేరే. ట్యాగు బ్లాక్‌లిస్టులో పడితే గేటు దగ్గరికి వచ్చాక రీచార్జి చేసినా వెంటనే పని చేస్తుందన్న నమ్మకం లేదు. అలాంటప్పుడు యూపీఐ ద్వారా ఒకటింబావు వంతు కట్టాలి. వార్షిక పాసు సొంత కార్లకే, ట్యాక్సీలకు లేదు. ఈ సంగతి తెలియని అతిథులు "పాసు లేదా?" అని డ్రైవర్ని నిలదీస్తున్నారు. బిల్లు విషయంలో ముందే ఒప్పుకోవలసినవి ఇంకా ఉన్నాయి: కిలోమీటర్ల లెక్క మా షెడ్ నుంచి షెడ్ దాకా, బయటూరి బాడుగకు రోజుకు కనీసం 300 కిలోమీటర్లు అన్నది వాడుక, టోలు, పార్కింగ్, డ్రైవర్ బత్తా వేరు. ఇవి మీ సందేశంలోనే ఉంటే దిగేటప్పుడు గుమ్మం దగ్గర గొడవ ఉండదు.

ఇప్పుడు అసలు చోటికి వస్తాం. నెల్లూరు ఊళ్లోని మైపాడు గేటు దాటి ఇందుకూరుపేట రోడ్డు పట్టుకున్నాక ఉన్న ఆ 22 కిలోమీటర్లు పగలు చూస్తే అందమైన రోడ్డే. వరిపొలాలు, కొబ్బరిచెట్లు, తర్వాత రొయ్యల గుంటలు, బకింగ్‌హామ్ కాలువ, ఆపైన ఇసుక. రాత్రి పదకొండింటికి అదే రోడ్డు వేరు. వీధిదీపాలు ఊళ్ల దగ్గరే ఉంటాయి. గుంటల్లో రొయ్యలు పట్టే రాత్రుల్లో ఐసు, రొయ్యలు మోసే బండ్ల నుంచి కారిన ఉప్పునీళ్లు రోడ్డు మీద జారుడుగా ఉంటాయి, మలుపులో బ్రేకు వేస్తే చక్రం పట్టు తప్పుతుంది. మార్చి, ఏప్రిల్‌లో కోతలప్పుడు వడ్లు రోడ్డు మీదే ఆరబోస్తారు, రాశి చుట్టూ రాళ్లు పేరుస్తారు, రాత్రి ఆ రాళ్లు లైటు వెలుతురులో ఆఖరి నిమిషం దాకా కనిపించవు. కోత మిషన్లు వెనక దీపం లేకుండా ముందు పోతుంటాయి. ఈ నెలల్లో రాత్రి వచ్చే అతిథికి గంట పైనే పడుతుందని చెప్పండి. రైతును తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు, కళ్లం లేనివాడు ఎక్కడ ఆరబోసుకుంటాడు?

దారి తప్పించేది మాత్రం మ్యాపు. ఇది మీరు ఒక్క పూటలో సరిచేయగలిగినది, అన్నిటికంటే ముఖ్యమైనది. మీలో చాలామంది మ్యాపులో పెట్టిన గుర్తు హోటలు గేటు మీద లేదు. కొందరిది స్విమ్మింగ్‌పూల్ మీద ఉంది, కొందరిది ఒడ్డున ఇసుకలో ఉంది. మ్యాపు ఆ గుర్తుకు దగ్గరగా ఉన్న దారి ఏదో వెతికి, తారురోడ్డు వదిలేసి రొయ్యల గుంటల గట్ల మీదికి తీసుకుపోతుంది. గట్టు వెడల్పు ఒక బండికే సరి. ఎదురుగా ఇంకో బండి వస్తే వెనక్కి పోవాలి, రెండు వైపులా నీళ్లు, చీకట్లో అద్దంలో ఏమీ కనపడదు. వానాకాలంలో గట్టు మెత్తబడి అంచు కూలుతుంది. అక్కడితో ఆగదు. తెల్లమచ్చ, ఈహెచ్‌పీ లాంటి రొయ్యల జబ్బులు ఒక గుంట నుంచి ఇంకో గుంటకు మనుషుల కాళ్లతో, బండి చక్రాలతో కూడా పోతాయని రైతులకు భయం. కొన్ని చోట్ల చక్రాలు మందునీళ్లలో తడిపాకే లోపలికి రానిస్తారు. అర్ధరాత్రి లైట్లు వేసుకుని గట్టు మీదికొచ్చిన తెలియని కారును కాపలావాళ్లు ఆపి నిలదీస్తారు. వాళ్ల లక్షల పంట అది, ఆపడం వాళ్ల తప్పు కాదు.

చేయవలసింది ఇది. మీ ఫోన్ పట్టుకుని రోడ్డు వైపు గేటు ముందు నిలబడండి. అక్కడి గుర్తునే మ్యాపులో మీ హోటలు ప్రవేశంగా సరిచేయండి. పాత గుర్తులు ఇంకా మిగిలి ఉంటే తప్పని నివేదించి తీసివేయించండి. తర్వాత ఇందుకూరుపేట దాటిన దగ్గర నుంచి గేటు దాకా దారిని తెలుగులో, ఇంగ్లీషులో నాలుగు వాక్యాలుగా రాసి పంపండి: ఏ వంతెన దాటాక, ఏ గుడి దగ్గర, ఎడమకా కుడికా, ఎంత దూరం. తెలియని చీకట్లో గుడి, వంతెన, నీళ్లట్యాంకు చెప్పినంత కచ్చితంగా ఏ మ్యాపూ చెప్పదు. మలుపు దగ్గర రాత్రి వెలుగుపడితే మెరిసే రేడియం బోర్డు ఒకటి పెట్టండి. రాత్రి ఎత్తే ఫోన్ నంబరు ఒకటి ఇవ్వండి. పగలు బుకింగులు చూసే నంబరు పదింటికి ఆగిపోతుంది, అప్పుడే మాకు అవసరం పడుతుంది.

గేటు లోపల పార్కింగ్ ఇసుక నేల అయితే దాని గురించీ చెప్పాలి. సెడాన్ అడుగుభాగం నేలకు సుమారు 16 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది, నలుగురు ఎక్కి డిక్కీ నిండితే ఇంకా కిందికి. మెత్తటి ఇసుకలో ముందు చక్రాలు దిగబడితే డ్రైవర్ కంగారులో యాక్సిలరేటర్ తొక్కుతాడు, చక్రం అక్కడే తిరిగి ఇరుసు దాకా కూరుకుపోతుంది. అలా తొక్కకూడదు. మనుషుల్ని, సామానును దించి, టైర్లలో గాలి 18–20 పీఎస్ఐ దాకా తగ్గించి, చక్రం ముందు ఇసుక చేత్తో తీసి, సరుగుడు కొమ్మలో గోనెసంచులో పరిచి, రెండో గేరులో మెల్లగా కదిలించాలి. బయటపడ్డాక గాలి మళ్లీ నింపకుండా హైవే ఎక్కకూడదు, టైరు వేడెక్కి పగులుతుంది. గేటు నుంచి మెట్ల దాకా సిమెంటు ఇటుకలు పరిస్తే ఈ అవస్థ ఎవరికీ ఉండదు. అంతదాకా ఒక గాలి పంపు, రెండు చెక్కపలకలు, ఒక లాగుడు తాడు వాచ్‌మన్ దగ్గర ఉంచండి.

డ్రైవర్ల గురించి రాయకుండా ఉండలేం. చెన్నైకి పోయి, అక్కడ కాచుకుని, తిరిగి మైపాడు వచ్చేసరికి మనిషి పది పన్నెండు గంటలు మెలకువగా ఉంటాడు. 2025 నవంబరు దాకా అమలులో ఉన్న మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం 1961 రోజుకు ఎనిమిది గంటలు అంది, ఐదు గంటలకొకసారి కనీసం అరగంట విశ్రాంతి అంది. రాత్రి రెండు నుంచి ఐదు మధ్య నిద్ర ఆపుకోవడం ఎవరి తరమూ కాదు. అయినా అతిథిని దించగానే "బండి బయట పెట్టుకో" అనే మాట తప్ప డ్రైవర్‌కు వేరే మాట వినపడదు. బండిలోనే ఏసీ వేసుకుని అద్దాలు మూసి పడుకుంటే, సైలెన్సర్ ఎక్కడైనా కారుతున్నప్పుడు కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరుతుంది. దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అద్దాలు దించి పడుకుంటే దోమలు, ఉప్పుగాలి, ఉక్క. పొద్దున అదే మనిషి మీ అతిథిని 210 కిలోమీటర్లు తీసుకుపోవాలి. పక్కనున్న తమిళనాడు 2023లో భవన నిబంధనలు సవరించి, హోటళ్లు అతిథుల డ్రైవర్లకు పడక చూపాలని, ఎనిమిది కార్ల పార్కింగుకు ఒక మంచం చొప్పున ఉండాలని పెట్టింది. సరిహద్దు ఇవతల మనం అది నిబంధన వచ్చాకే చేయనక్కరలేదు. ఫ్యాను, దోమతెర, స్నానానికి నీళ్లు, ఒక తాళం వేసే తలుపు. నలుగురు పడుకునే గది చాలు. దానికి రుసుము పెట్టినా కడతాం.

అర్ధరాత్రి, తెల్లవారుజాము రాకల విషయం. చెన్నైలో రాత్రి పదకొండింటికి దిగినవాడు మీ దగ్గరికి నాలుగింటికి వస్తాడు. మీ చెకిన్ మధ్యాహ్నం పన్నెండో రెండో. అతన్ని సోఫాలో కూర్చోబెట్టకండి. బుకింగ్ తీసుకునేటప్పుడే విమానం టైము అడిగి, ముందు రాత్రి నుంచి గది లెక్క వేయాలా అని కంపెనీనే అడగండి, చాలామంది ఒప్పుకుంటారు. తిరుగు ప్రయాణంలో పొద్దున ఐదింటికి బయల్దేరేవాడికి ఎనిమిదింటి టిఫిన్ పనికిరాదు. నాలుగు ఇడ్లీలు, పొడి, ఒక అరటిపండు కట్టి ఇస్తే చాలు. పచ్చడి పొట్లం వద్దు, కారులో కారుతుంది.

బిల్లు. పని మీద వచ్చే అతిథికి గదితో సమానంగా ముఖ్యమైనది ఇదే. కంపెనీ పేరు, జీఎస్టీ నంబరు చెకిన్ అప్పుడే తీసుకోండి. బిల్లు తయారయ్యాక మార్చమంటే మీ సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు, బయట బండి ఆగి ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల దాకా ఉన్న గదికి 5 శాతం, ఆపైన 18 శాతం. హోటలు గది ఏ రాష్ట్రంలో ఉంటే పన్ను ఆ రాష్ట్రానిదే కాబట్టి, తమిళనాడులోనో తెలంగాణలోనో మాత్రమే రిజిస్టరైన కంపెనీ మన దగ్గర కట్టిన పన్నుకు క్రెడిట్ తీసుకోలేదు. మీ క్యాషియర్‌కు ఈ ముక్క తెలిసి ఉంటే, అంతర్రాష్ట్ర పన్ను (ఐజీఎస్టీ) వేయమని అతిథి పట్టుబట్టినప్పుడు నెమ్మదిగా చెప్పగలడు. భోజనాల బిల్లు, గది బిల్లు, కారు బిల్లు విడివిడిగా ఇవ్వండి. విదేశీ అతిథి అయితే మీరు ఫారం సి అని పిలిచే వివరాలు వచ్చిన 24 గంటల్లోగా ఆన్‌లైన్లో పంపాలి. పాస్‌పోర్టు, వీసా పేజీల ఫొటోలు రాకముందే ఈమెయిల్లో తెప్పించుకుంటే, ఐదు గంటలు ప్రయాణం చేసి వచ్చిన మనిషి కౌంటర్ దగ్గర ఇంకో అరగంట నిలబడనక్కరలేదు.

గదుల గురించి మాకంటే మీకు తెలుసు, కాబట్టి అతిథులు దారిలో మాతో అనే రెండు మాటలే రాస్తాం. కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కొన్ని క్షణాల్లో వైఫై ఆగుతుంది, మళ్లీ రావడానికి ఐదు నిమిషాలు పడుతుంది, విదేశంతో మాట్లాడుతున్న మీటింగ్ అక్కడితో పోతుంది. రూటరుకు చిన్న యూపీఎస్ పెడితే తీరిపోయే బాధ ఇది. రెండోది, కుళాయి నీళ్లు ఉప్పగా ఉంటాయని ముందే చెప్పండి. సబ్బు నురగ రాకపోతే మోటారు పాడైందనుకుంటున్నారు. చేపల మాట కూడా: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం. ఆ రెండు నెలలు సముద్రపు చేప తక్కువ దొరుకుతుంది. పాతది ఐసులోంచి తీసి తాజాదని పెట్టేకన్నా గుంట రొయ్యలో, కొర్రమీను పులుసో పెట్టండి. నెల్లూరు పులుసుకు అదేం తక్కువ కాదు.

సముద్రం. పని మీద వచ్చినవాడు సాయంత్రం చీకటిపడ్డాక వస్తాడు, పొద్దున సూర్యోదయం చూస్తూ ఒంటరిగా నీళ్లలోకి దిగుతాడు. మైపాడు ఒడ్డు లోపలికి లాగుతుందని ఊరివాళ్లకు తెలుసు, అతనికి తెలియదు. అలలు విరగకుండా నునుపుగా కనిపించే పాయే లోపలికి లాగే చోటు, కొత్తవాడికి అదే భద్రంగా కనిపిస్తుంది. చిక్కుకున్నవాడు ఒడ్డు వైపు ఈదితే అలసిపోతాడు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక బయటికి రావాలి. ఈ మాటలు గది తలుపు వెనక అంటించండి. తెల్లవారు ఐదున్నర నుంచి ఒక ఈతగాణ్ణి, పొడవాటి తాడును, ట్యూబును ఒడ్డున ఉంచండి. మీ వాచ్‌మన్ ఈల ఊదితే సరిపోదు.

తిరుగు ప్రయాణం లెక్క వెనక నుంచి మొదలుపెట్టాలి. దేశీయ విమానాలకు కౌంటర్ సాధారణంగా గంట ముందు మూసేస్తారు. చెన్నైలో సాయంత్రం ఆరింటికి విమానమంటే నాలుగింటికి టెర్మినల్లో ఉండాలి, మైపాడులో పదిన్నర లోపు బండెక్కాలి. వానాకాలంలో తొమ్మిదికే. ఉదయం పదింటి విమానానికి అయితే రాత్రి రెండింటికే లేవాలి. అలాంటి అతిథికి ఆఖరి రాత్రి మీ దగ్గర కాకుండా విమానాశ్రయం పక్కన గది తీసుకొమ్మని చెప్పండి. ఒక రాత్రి బాడుగ పోయినా ఆ కంపెనీ మళ్లీ మీ దగ్గరికే వస్తుంది. సామాను సర్దేటప్పుడు చెప్పవలసినవి: పవర్‌బ్యాంకు చేతి బ్యాగులోనే ఉండాలి, పెద్ద పెట్టెలో దొరికితే పెట్టె ఆగిపోతుంది. ఎండుకొబ్బరి పెద్ద పెట్టెలో వేయనివ్వరు, నూనె వల్ల మంట అంటుకునే గుణం ఉంది. రొయ్యలు పట్టుకెళ్లేవాళ్లు నీళ్లు కారని డబ్బాలో, జెల్ ఐసుతో. డ్రై ఐస్ అయితే ఎయిర్‌లైన్ ముందస్తు అనుమతితో మనిషికి 2.5 కిలోలే, డబ్బాకు గాలి పోయే సందు ఉండాలి.

తుపాను నెలల మాట చెప్పి ముగిస్తాం. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు దగ్గర హైవే తెగింది, పడుగుపాడు వద్ద రైలు పట్టాలు కొట్టుకుపోయాయి. 2023 డిసెంబరు 4న మిచౌంగ్ తుపానుకు చెన్నై విమానాశ్రయం రన్‌వే మునిగి మూతపడింది. 2024 నవంబరు 30న ఫెంగల్‌కు మళ్లీ మూసేశారు. అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన అతిథికి విమానం, రోడ్డు, రైలు మూడూ ఒకేసారి ఆగే రోజు రావచ్చు. వాతావరణ శాఖ హెచ్చరిక వచ్చిన వెంటనే, రావలసిన అతిథి ప్రయాణం వాయిదా వేసుకుంటే డబ్బు కోయబోమని, ఇప్పటికే ఉన్నవాడికి ఇరుక్కున్న రోజులకు అదే రేటు అని మీ నిబంధనల్లో రాయండి. లేకపోతే గది డబ్బు పోతుందన్న భయంతో అతను బయల్దేరతాడు, మా డ్రైవర్ నీళ్లలో బండి దించాల్సి వస్తుంది. రోడ్డు మీద పారే నీళ్లు మోకాలి ఎత్తు దాటితే మేము దించం, ఎవరు చెప్పినా దించం.

పర్యాటక శాఖ, రోడ్లు భవనాల శాఖ అధికారులకు మా విన్నపం చిన్నదే. మైపాడు గేటు నుంచి ఒడ్డు దాకా ప్రతి మలుపు దగ్గర దూరం రాసిన బోర్డు, గుంటల పక్క వంపుల్లో రాత్రి మెరిసే రిఫ్లెక్టర్లు, స్పీడ్ బ్రేకర్లకు తెల్లరంగు, కోతల నెలల్లో వడ్లు ఆరబోసుకోవడానికి ఊరూరా ఒక సిమెంటు కళ్లం. చివరిది మీ శాఖ పని కాదంటారేమో, కానీ రోడ్డు ఖాళీ అయ్యే మార్గం అదొక్కటే.

హోటళ్ల వారు అక్టోబరులోగా గేటు గుర్తు సరిచేసి, దారి వాక్యాలు, రాత్రి నంబరు మాకు పంపితే, నెల్లూరు, చెన్నై, రేణిగుంటల్లో మా దగ్గరున్న డ్రైవర్లందరికీ మేమే చేరవేస్తాం. సరిచేసిన గుర్తు సరిగా ఉందో లేదో చూడ్డానికి ఒక రాత్రి మీ గేటు దాకా బండి నడిపి చూసే పని కూడా మాదే, దానికి బాడుగ అక్కరలేదు.

ఇట్లు
నెల్లూరు బాడుగ బండ్ల డ్రైవర్లు, ట్రావెల్స్ నిర్వాహకులు